మోకాటిపై సుత్తి యేమి చెప్పును?

ఉదయగిరి కొండ క్రింది పల్లెలనుండి గాని, ఆత్మకూరు మెట్టనుండి గాని, వయసు చెల్లిన అవ్వను వైద్యుని కడకు గొనిపోయిన కోడండ్రకు ఒక సంశయము కలుగుట సహజము. అవ్వ చెప్పుకొన్న బాధ యేమి? "నాయనా! కాళ్లు కొయ్యబారినవి. పీటపై కూర్చుండలేను, కూర్చున్న లేవలేను. నడుము వంగదు" అని. వైద్యుడు చేసిన పని యేమి? అవ్వను ఎత్తుబల్లపై కూర్చుండబెట్టి, కాళ్లు వ్రేలాడవిడువుమని చెప్పి, చిన్న రబ్బరు సుత్తితో మోకాటిచిప్పకు దిగువ మెల్లగా కొట్టెను. కాలు ఎగిరిపడెను. పిమ్మట అరికాలిపై మొద్దుపుల్లతో గీచి బొటనవ్రేలి వంక చూచెను. "నొప్పి నడుమున నుండగా మోకాటిని కొట్టుట యేమి? ముసలమ్మకు గిలిగింతలు పెట్టుట యేమి?" అని నవ్వుకొనువారు కొందరు, విసుగుకొనువారు కొందరు.

సోదరీమణులారా! ఈ మాసము మా పుటలో ఆ సుత్తిదెబ్బకు అర్థము చెప్పదలచితిమి. పశ్చిమ నెల్లూరు సీమలో ఆ దెబ్బకు మోకాలు చెప్పు బదులు ఒక్కొక్కప్పుడు మోకాటిని గూర్చినది కాదు, వెన్నెముకను గూర్చినది. అంతటితో నాగక, ఊరిలోని బోరుబావి వరకును పోవునది.

అడుగక జరుగు పని

పొయ్యిమీది గిన్నెను దింపబోవునపుడు మసిగుడ్డ మరచి వట్టిచేత పట్టుకొన్నచో చేయి తటాలున వెనుకకు వచ్చును. ముందు బాధ తెలిసి, తరువాత ఆలోచించి, పిదప చేయి తీసితిమని మనమనుకొందుము. జరుగునది దానికి తలక్రిందులు. చేయి కదలిన పిమ్మటనే "అబ్బా! కాలినది" అను తలంపు మనకు కలుగును. ఇట్లు మన సంకల్పముతో పనిలేక శరీరము తనంతట తాను చేయు బదులును శాస్త్రజ్ఞులు అసంకల్పిత ప్రతీకారచర్య యందురు. వైద్యుల వాడుకలో రిఫ్లెక్సు. కంటిలో నలక పడబోవగా రెప్ప మూతపడుట, ఎండుమిరపకాయలు వేయించునపుడు తుమ్ము వచ్చుట, పొలమారగా దగ్గు వచ్చుట, వెలుతురు సోకినంతనే కంటిపాప చిన్నదగుట, ఇవన్నియు ఈ తెగలోనివే.

ఈ పనికి ముగ్గురు కావలయును. వార్త తెచ్చువారొకరు, దానినందుకొని ఆజ్ఞ యిచ్చువారొకరు, ఆజ్ఞను మోసికొనిపోవువారొకరు. చర్మమునుండి వార్త తెచ్చునది ఒక నాడి. కండకు ఆజ్ఞ గొనిపోవునది వేరొక నాడి. నడుమ నుండునది వెన్నుపాము. వెన్నెముక పూసల నడిమి గొట్టమువంటి దారిలో, చిటికెనవ్రేలి లావున, పెద్దవారియందు సుమారు 45 సెంటీమీటర్ల పొడవున నుండు మెత్తని త్రాడే వెన్నుపాము. దానినుండి ఇరుప్రక్కల 31 జతల నాడులు బయలుదేరును. ప్రతి నాడికిని రెండు వేళ్లు గలవు. వెనుకవేరు వార్తను లోనికి తెచ్చును. ముందువేరు ఆజ్ఞను వెలికి గొనిపోవును. ఈ భేదము లండనున ఛార్లెసు బెల్లు 1811లోను, ఫ్రాన్సున మజాండీ 1822లోను చేసిన పరీక్షలవలన తేటపడినది.

మెదడు ఎచటనున్నదని మీరడుగవచ్చును. ఉదయగిరి దుర్గమునే తలచుకొందము. ఆ కోట ఒకప్పుడు గజపతుల యేలుబడిలో నుండెను. వారి రాజధాని దూరమున కటకమున. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడికి వచ్చి 1514లో కోటను గైకొనెను. రాయల సేన కొండక్రింద కనబడినపుడు కావలివాడు కోటతలుపులు మూయుటకు కటకమునుండి సెలవు వచ్చువరకు ఆగునా? ముందు తలుపు మూసి, పిమ్మట రాజునకు వార్త పంపును. మన వెన్నుపాము అట్టి కావలివాడు. గిన్నె కాలిన క్షణమున చేతిని వెనుకకు లాగించి, ఆ తరువాత మెదడునకు వార్త చేరవేయును. మంటను తెలుపు సన్నని నాడీతంతువులలో కొన్ని సెకండుకు సుమారు 1 మీటరు మాత్రమే నడచును. వడిగల తంతువులు సెకండుకు 50 మీటర్లకు మించి పోగలవు. చేయి తీసిన కొంతసేపటికి గాని అసలు మంట తెలియకుండుటకు ఇదియొక కారణము.

వార్తయే లేనిచో బదులు లేదు. ఉదయగిరి చెక్కగరిటెలు పేరుబడసినవి. అచటి స్త్రీలనేకులు ఆ చేతిపనితో జీవించుచున్నారు. మరుగుచున్న పులుసులో ఇనుపగరిటె విడిచి మరల పట్టుకొన్న చేయి ఉలికిపడి తొలగును. చెక్కగరిటె పట్టుకొన్న చేయి నిమ్మళముగా నుండును. చెక్క వేడిని పైకి రానీయదు గనుక, చర్మమునుండి వెన్నుపామునకు వార్త పోదు. పోని వార్తకు ఆజ్ఞ రాదు. చక్కెరవ్యాధి చాల యేండ్లు ముదిరినవారి కాళ్లలో వార్త తెచ్చు నాడులే చెడిపోవును. వారు నిప్పు త్రొక్కినను కాలు తీయకపోవుటకు హేతువిదియే. అట్టివారికి వేడి యున్నది గాని, వార్త లేదు. అందుచే వారి పాదములను ప్రతిదినము ఇంటివారు కంటితో పరీక్షింపవలయును.

ముల్లును, బిందెయు, కవ్వమును

ఈ కావలివాని తెలివి ఇంకను చూడుడు. చంకన బిందె పెట్టుకొని బోరింగునుండి వచ్చుచున్న యిల్లాలు తుమ్మముల్లు త్రొక్కినదనుకొందము. ముల్లు గుచ్చుకొన్న కాలు పైకి లేచును. ఆ కాలు మాత్రమే లేచినచో ఆమె బిందెతోకూడ పడిపోవలసినదే. కాని పడదు. ఒక కాలు లేచిన క్షణముననే రెండవ కాలు బిగిసి, మేని బరువంతయు తాను మోయును. కుడికాలు తెచ్చిన వార్తకు ఎడమకాలు కూడ బదులు చెప్పుచున్నదన్న మాట. వెన్నుపాములోని తంతువులు ఈ వైపునుండి ఆ వైపునకు దాటియుండుటచేత ఇది జరుగుచున్నది.

మరియు, ఒక కండ బిగియవలెనన్న, దాని కెదురుగానుండు కండ సడలవలయును. మజ్జిగ చిలుకునపుడు కవ్వపుత్రాడు ఒక కొన లాగగా రెండవ కొన వదలుదుము గదా! రెండును ఒక్కసారి లాగినచో కవ్వము తిరుగదు. మన కాలుసేతులందును ఇదియే ధర్మము. ఇట్లు ఒకదానిని బిగించి వేరొకదానిని సడలించు ఏర్పాటును శ్రద్ధగా శోధించినవాడు ఇంగ్లండు దేశీయుడగు షెరింగ్టను. ఆయన గ్రంథము 1906లో వెలువడెను. 1932లో ఆయనకును, ఆడ్రియను అను శాస్త్రజ్ఞునకును కలిపి వైద్యశాస్త్రమున నోబెలు బహుమాన మొసగబడెను.

ఇక మోకాటి సంగతి. మోకాటిచిప్ప దిగువ తాకిన చేతికి దృఢమైన పట్టీవంటిది తగులును. తొడముందరి పెద్దకండను చిప్ప మీదుగా కాలియెముకకు కట్టియుంచు స్నాయువది. దానిపై కొట్టగా కండ ఇంచుక సాగును. కండ నడుమ, సాగుడును కనిపెట్టు సన్నని సాధనములు గలవు. అవి నడుము ప్రాంతపు వెన్నుపామునకు వార్త పంపును. అచట ఒకే యొక కూడలిలో వార్త ఆజ్ఞగా మారి, కండ బిగిసి, కాలు ముందునకు ఎగురును. ఇదంతయు సెకండులో సుమారు 20వ వంతు కాలమున ముగియును. 1875లో జర్మనీయందు ఎర్బు, వెస్టుఫాలు అను నిరువురు వైద్యులు ఒకరినొకరు సంప్రదింపకయే దీనిని ప్రకటించిరి.

సుత్తిదెబ్బలు తినుటకై ఈ యేర్పాటు కలుగలేదు సుమా! తలపై గడ్డిమోపుతో నిలుచున్నపుడు మోకాలు ఇంచుక క్రుంగిన, తొడకండ సాగును. సాగినంతనే మరల బిగిసి మనలను నిలువబెట్టును. మనకు తెలియకయే దినమునకు ఎన్నియో మారులు ఇది జరుగుచున్నది. వైద్యుడు సుత్తితో ఆ యంత్రమును ఒక్కసారి కదిపి చూచుచున్నాడు, అంతే.

కళ్లెము పట్టినది మెదడు

కావలివాడు తలుపు మూయవచ్చును గాని, రాజునకు అధికారము లేకపోలేదు. పాలగిన్నె చేయి కాల్చుచున్నను, ప్రక్కన పసిబిడ్డ ప్రాకుచున్నచో తల్లి ఆ గిన్నెను జారవిడువదు. పండ్లు బిగించి గట్టుపై దింపిన పిమ్మటనే చేయి విదల్చుకొనును. చేయి తీయుమని వెన్నుపాము చెప్పుచుండగా, వలదని మెదడు ఆజ్ఞ పంపినది. ఇట్టి కళ్లెము మేల్కొనియున్నంతసేపు మెదడు చేతిలో నుండును. మన కాళ్లు ప్రతి చిన్న కదలికకును ఎగిరిపడక నెమ్మదిగా నడచుట ఆ కళ్లెము చలువయే.

ఈ కళ్లెము పుట్టుకతో పూర్తిగా రాదు. చంటిబిడ్డ చెంపను తాకిన, అటు నోరు త్రిప్పి చన్ను వెదకును. అరచేత వ్రేలుంచిన గట్టిగా పట్టుకొనును. తలుపు చప్పుడైన చేతులు చాచి ఉలికిపడును. ఉలికిపాటును చూచి దిష్టి తగిలినదని భయపడు తల్లులు గలరు, భయపడనక్కరలేదు. మెదడునుండి క్రిందికి వచ్చు దారులు ఇంకను సిద్ధము కాలేదనుటకే అవి గురుతులు. ఉలికిపాటు 4 నుండి 6 నెలలలో తగ్గిపోవును. తగ్గకున్నను, మొదటినుండి ఒక వైపు చేయి మాత్రమే కదలుచున్నను, వైద్యునకు చూపవలయును.

చంటిబిడ్డ అరికాలిని మడమనుండి వ్రేళ్ల వైపునకు గీచినచో బొటనవ్రేలు పైకి లేచును. నడక నేర్చి, మెదడు దారులు గట్టిపడిన పిమ్మట, అనగా ఏడాది రెండేండ్ల వయసునాటికి, అట్లే గీచిన బొటనవ్రేలు క్రిందికి వంగును. ఆ తరువాత జీవితమంతయు క్రిందికే వంగవలయును. పెద్దవారిలో అది మరల పైకి లేచినచో, మెదడునుండి వచ్చు దారి ఎచటనో తెగినది, లేక నలిగినది అని అర్థము. 1896లో పారిసు నగరమున బాబిన్‌స్కి యను వైద్యుడు ఈ గురుతును వెల్లడించెను. అవ్వ అరికాలిని గీచిన వైద్యుడు గిలిగింతలు పెట్టలేదు. ఆమె బొటనవ్రేలు పెద్దవారి వ్రేలివలె వంగునా, పసిపాప వ్రేలివలె లేచునా యని చూచెను.

కళ్లెములు మెదడునందే కాక వెన్నుపాములోపలను గలవు. అవి ఊడిన నేమగునో ధనుర్వాతము వలన తెలియును. ఆ రోగపు విషము వెన్నుపాములోని నిగ్రహమునే హరించును. అందుచే చిన్న చప్పుడునకు, చిన్న వెలుతురునకు దేహమంతయు విల్లువలె వంగి బిగిసిపోవును. త్రాడు రెండు కొనలును ఒక్కసారి లాగబడినట్లు సకల కండరములును బిగియును. తుప్పుకత్తితో బొడ్డు కోయుటవలనను, బొడ్డుపై పేడ పూయుటవలనను పూర్వము ఎందరో పసికందులు ఈ రోగమున సమసిరి. గర్భిణులకు టీకాలు వేయుటవలనను, శుభ్రమైన పురుడువలనను ఆంధ్రప్రదేశమున 2003 నాటికిని, దేశమంతట 2015 నాటికిని పురిటి ధనుర్వాతము ప్రజారోగ్య సమస్యగా తొలగినదని నిర్ధారింపబడినది. టీకాలు మానినచో అది మరల రాగలదు.

నీరు వెన్నెముకను పట్టిన కథ

ఇప్పుడు మన అవ్వ కాళ్ల సంగతికి వచ్చెదము. మెదడు కళ్లెము వెన్నుపాము మీదుగా కాళ్లకు చేరవలయును. ఆ దారిలో వెన్నుపాము ఎచటనైన నొక్కబడినచో, నొక్కుడునకు దిగువ కావలివాడు నిరంకుశుడగును. కాళ్లు కొయ్యవలె బిగియును, మోకాటిని తాకిన కాలు మితిమీరి ఎగురును, చీలమండను పైకి త్రోసిన పాదము టకటక కొట్టుకొనును, బొటనవ్రేలు పైకి లేచును. బలము తగ్గినది, రిఫ్లెక్సు పెరిగినది. ఈ రెండును కలిసియుండుటయే వైద్యునకు పెద్ద సూచన.

నెల్లూరు మెట్టలో ఇట్టి నొక్కుడునకు ప్రసిద్ధమైన కారణమొకటి గలదు. మదరాసు గిండీలోని కింగు ఇన్‌స్టిట్యూటునకు అధిపతిగానుండిన షార్టు, మెక్‌రాబర్టు మున్నగు వైద్యులతో కలిసి, నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో నడుము వంగక, మెడ తిరుగక, కాళ్లు బిగుసుకొన్న రోగులను పరీక్షించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన ఈ వ్యాధి కలుగుచున్నదని 1937లో ప్రకటించెను. మన దేశమున మనుష్యుల యెముకలకు పట్టు ఫ్లోరోసిసును గూర్చి వెలువడిన తొలి వార్త యదియే. ఎముకల మార్పులే కాక నాడులకు, వెన్నుపామునకు కలుగు బాధలును అందు వర్ణింపబడినవి. వారు చూచిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడగా అందు చేరినవి. వాటికి దక్షిణముననున్న ఉదయగిరి, వరికుంటపాడు మెట్టలలోను అనేకమైన బావుల నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా కనబడినది. ఆ వెనుక 1955లో నల్లగొండ జిల్లా రోగులను గూర్చి సిద్దిఖీ యను వైద్యుడు వ్రాసిన వ్యాసమును లోకప్రసిద్ధమైనది.

కారణము భూమిలోనే యున్నది. ఈ సీమ రాళ్లలో ఫ్లోరైడు గల ఖనిజములు కలవు. వాన కొంచెము, ఎండ మిక్కుటము. నీరు రాతి నెఱ్ఱెలలో చిరకాలము నిలిచి ఆ ఖనిజమును కరగించుకొనును. పెన్నవంటి నదులలో పారు నీట ఈ దోషము సామాన్యముగా తక్కువ. బోరు లోతునకు పోయిన కొలది ఎక్కువ కావచ్చును. ఆత్మకూరు చెంత సోమశిల జలాశయము నీటి వంక మెట్ట ప్రజలు ఆశగా చూచుటలో ఇదియొక రహస్యము.

త్రాగునీట ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మంచిదని మన దేశ ప్రమాణము. వేరు దారి లేనిచోట 1.5 వరకు సహింపవచ్చునందురు. అంతకు మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగినచో ఆ ఫ్లోరైడు ఎముకలో పేరుకొనును. ఎముక లావగును, బరువగును, గరుకగును. పూసలను కలిపి పట్టియుంచు మెత్తని బంధనములు సయితము ఎముకగా మారును. అంతట వెన్నుపాము పోవు గొట్టము లోపలినుండి ఇరుకగును. వాడగా వాడగా లోపల సున్నపు గార పట్టి నీటి గొట్టము ఇరుకగుట మీరెరిగినదే. గొట్టములో నీరైన మెల్లగా పోవును. వెన్నుపాము మెత్తని త్రాడగుటచే నలుగును. మొదట తిమ్మిరి, తరువాత బిగువు, ఆ పిమ్మట నడకలో తడబాటు, కట్టకడపట మూత్రముపై అదుపు తప్పుట. ఇది ఒక్కదినమున రాదు. అందుచేతనే దానిని వాతమనియు, ముసలితనమనియు త్రోసివేయుట యింట సులభమగుచున్నది.

సుత్తి చెప్పు తీర్పులు

ఇప్పుడు రబ్బరు సుత్తి పలుకు భాష మనకు కొంత తెలిసినది. కాలు మితముగా ఎగిరి, రెండువైపుల సమానముగా నున్నచో, ఆ దారి చెడలేదు. మితిమీరి ఎగిరినచో, పైనుండి వచ్చు కళ్లెము దారిలో తొందర కలదు. ఎంత కొట్టినను కదలనిచో, వార్త తెచ్చు నాడియో, ఆజ్ఞ మోయు నాడియో చెడియుండవచ్చును. చక్కెరవ్యాధిలో చీలమండ రిఫ్లెక్సు తరచుగా ముందు పోవును. ఫ్లోరోసిసున మెడవద్ద నొక్కుడున్నచో, అచటి నాడీవేళ్లు నలిగి చేతులలో రిఫ్లెక్సు తగ్గుటయు, కాళ్లలో హెచ్చుటయు ఒకే మనిషియందు కనబడవచ్చును. అప్పుడు నొక్కుడు ఏ పూసల నడుమ నున్నదో వైద్యుడు సుత్తితోనే ఊహించి, ఆ చోటికి ఎక్సురే, ఎమ్మారై మున్నగు పరీక్షలు వ్రాయును.

ఆరోగ్యవంతులలోను కొందరికి ఎగురుడు తక్కువ, కొందరికి ఎక్కువ. కావున ఇంట గరిటెకాడతో పిల్లల మోకాళ్లు కొట్టి చూచి బెంగపడవలదు. "రెండు చేతుల వ్రేళ్లు కొక్కెములవలె పెనవేసి లాగుడమ్మా" అని వైద్యుడు చెప్పినచో, అది పరిహాసము కాదు. మనసు అటు మరలినపుడు దాగియున్న రిఫ్లెక్సు బయటపడును.

ఇచట మేము నొక్కి చెప్పవలసిన మాట ఒకటి గలదు. మన ఊరి నీట ఫ్లోరైడు కలదు గదా, అవ్వ కాళ్లు బిగిసినవి గదా, ఇక చేయునదేమి యని చాప పరచి పండుకొనబెట్టుట తగదు. వెన్నెముకకు పట్టిన క్షయ కూడ ఇట్లే కాళ్లను బిగించును. దానికి మందులు గలవు. నడిమి పూసల దిండు జారుటయు, గడ్డ లేచుటయు ఇట్లే చేయును. కొన్నింటికి శస్త్రచికిత్స కలదు. బి12 విటమిను లోపము వెన్నుపామును చెరుపును. వేళకు సూదిమందు ఇచ్చినచో మేలు కలుగును. ఫ్లోరైడువలన పెరిగిన యెముక మరల కరగుట అరుదైనను, నొక్కుడు మరీ ముదురక మునుపు శస్త్రచికిత్సచే కొందరికి ఉపశమనము కలిగినది. ఈ రోగములకు పైకి కనబడు రూపము ఒకటియే, చికిత్సలు వేరు. సుత్తి దెబ్బ మొదటి ద్వారము మాత్రమే, అచటనే వెనుదిరుగరాదు.

ఇల్లాండ్రు చేయదగిన పనులు

ఇంటిలోని వారిని ఏడాదికొకసారి మూడు చిన్న పనులు చేయుడని అడిగి చూడుడు. మోకాళ్లు వంచక క్రిందికి వంగి కాలివ్రేళ్లు తాకగలరా? గడ్డమును రొమ్మునకు ఆనింపగలరా? రెండు చేతులను తలవెనుకకు చేర్చగలరా? నిన్నటి దనుక చేసినవారు నేడు చేయలేకపోవుట గమనింపదగినది. ఇది రోగనిర్ణయము కాదు. వైద్యుని చూడవలయునను పిలుపు. పిల్లల పండ్లపై సున్నపు మరకలుగాని, పసుపు గోధుమ చారలుగాని కనబడినచో, ఆ పండ్లు చిగుళ్లలో తయారగునాటి నీటిని గూర్చి అవి సాక్ష్యము చెప్పుచున్నవి. 8 ఏండ్లలోపు పిల్లలకు మంచినీరు ముఖ్యమగుటకు కారణమిదియే.

నీరు కాచిన దోషము పోవునని పలువురు నమ్ముదురు. కాచుటచే క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరావిరియై తగ్గిన కొలది ఫ్లోరైడు చిక్కనగును. చాల యిండ్లలో త్రాగుటకు మాత్రము క్యాను నీరు కొని, అన్నమునకు ఎసరు, పప్పు, పులుసు, కాఫీ అన్నియు బోరునీటితోనే కానిచ్చుచుందురు. ఆ ఎసరు అన్నములో చేరినది గదా! త్రాగునీటికిని వంటనీటికిని ఒకే మంచి బిందె నుంచి, స్నానమునకు, గిన్నెలు తోముటకు, బట్టలుతుకుటకు బోరునీరు వాడుడు. వాననీటిని శుభ్రమైన కప్పునుండి తొట్టిలో పట్టి దాచుకొన్నచో అందు ఫ్లోరైడు భయము లేదు. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు నల్లగొండ పద్ధతి నాగపూరు శాస్త్రజ్ఞులు కనుగొన్నది. కాని పాళ్లు నీటిని బట్టి మారును గనుక, తెలిసినవారి పర్యవేక్షణలోనే చేయదగినది. పాలు, మజ్జిగ, రాగి, ఆకుకూరలు ఎముకకు కావలసిన సున్నపు ధాతువు నిచ్చును. అది తక్కువైనవారికి ఈ వ్యాధి మరింత కీడు చేయును. పలుమారులు గర్భము ధరించి, అందరు తినిన పిమ్మట మిగిలినది తిను ఇల్లాలే అట్టివారిలో మొదటిది.

ఏ బోరునీటిలో ఎంత ఫ్లోరైడున్నదో కంటితో చూచి గాని, నాలుకపై వేసికొని గాని చెప్పలేము. ప్రక్కప్రక్కనున్న రెండు బావులలో నీరు ఒకటిగా నుండదు. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి పరీక్షాశాలలు గలవు. మీ పంచాయతీ మూలమున నీరు పంపించి, వచ్చిన అంకెను బోరింగు దగ్గర అందరకు కనబడునట్లు వ్రాయింపుడు. స్త్రీలు నలుగురు కలిసి యడిగిన, ఈ పని కాకపోదు.

ఇక అవ్వను వైద్యుని కడకు గొనిపోవువారు నాలుగు సంగతులు మరువక చెప్పవలయును: బిగువు ఎన్నాళ్లనుండి వచ్చినది, కాళ్లలో తిమ్మిరి కలదా, మూత్రమున ఇబ్బంది కలదా, ఎన్నేండ్లుగా ఏ బావి నీరు త్రాగుచున్నారు. ఆయన సుత్తి తీసినపుడు అవ్వ భయపడకుండ చేయి పట్టుకొని, కాళ్లు వదులుగా నుంచుమని చెప్పుడు. రెండు కాళ్లును చూచిన పిమ్మట "ఎగురుడు సరిగా నున్నదా, ఎక్కువా, తక్కువా?" యని మీరే అడిగి తెలిసికొనుడు.